తేదీల పర్మాలింక్ నుంచి పోస్ట్ నేమ్‌కి: పాత లింకులు తెగకుండా ఎలా మార్చాలి

నమస్కారం అండీ. తర్వాత ఈ పేజీకి వచ్చేవాళ్ళ కోసం మీ ప్రశ్నని రెండు ముక్కల్లో చెప్పి మొదలుపెడతాను. 2013 నుంచి సొంత డొమైన్ మీద వర్డ్‌ప్రెస్ బ్లాగు నడుపుతున్నారు, 640 పోస్టులున్నాయి. పోస్టు లింకులో (దీన్నే పర్మాలింక్ అంటారు) సంవత్సరం, నెల, తేదీ, ఆ తర్వాత పోస్టు పేరు వస్తాయి. తేదీలు తీసేసి పోస్ట్ నేమ్ మాత్రమే ఉంచాలనుకుంటున్నారు. పనిలో పనిగా తెలుగు స్లగ్గులన్నీ, అంటే లింకు చివర వచ్చే పోస్టు పేర్లన్నీ, ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చేద్దామని కూడా ఉంది. వాట్సాప్‌లో తిరుగుతున్న లింకులు, తెలుగు వికీపీడియా వ్యాసాల్లో మూలాలుగా ఇచ్చిన లింకులు పనిచేయకుండా పోతాయేమోనని టెన్షన్.

మొదటి పని చెయ్యొచ్చు. రెండోది ఇప్పుడు వద్దు. ఎందుకో వివరంగా చెప్తాను.

అంతకంటే ముందు ఒక మాట. ర్యాంకింగ్ పెరుగుతుందన్న ఒక్క ఆశతోనే లింకులు మార్చాలనుకుంటే మానేయండి. లింకులో తేదీ ఉన్నందుకు గూగుల్ పోస్టుని వెనక్కి నెట్టదు. పాత పోస్టుల్ని మీరు మళ్ళీ మళ్ళీ సరిదిద్దుతూ, కొత్త సమాచారం చేరుస్తూ ఉంటే మాత్రం కారణం సరైనదే. లింకులో 2014 అని కనిపించగానే ఇది పాతబడిపోయింది అనుకుని వెళ్ళిపోయే పాఠకులు నిజంగానే ఉన్నారు. మీ ప్రశ్న చదివితే మీది ఈ కారణమే అనిపించింది.

సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్ పేజీకి వెళ్ళి పోస్ట్ నేమ్ ఎంచుకుని సేవ్ కొట్టగానే 640 పోస్టుల చిరునామాలూ ఒక్క క్షణంలో మారిపోతాయి. పోస్టు, పోస్టు ఐడీ, స్లగ్ ఎక్కడివక్కడే ఉంటాయి, మారేది చిరునామా అల్లే పద్ధతి మాత్రమే. అందుకే ఏదైనా తేడా వస్తే పాత పద్ధతి మళ్ళీ ఎంచుకుని సేవ్ కొడితే మొదటికి వచ్చేస్తారు. ఈ ధైర్యం ముందే ఉంచుకోండి. అయినా సరే, ఆ పేజీ తెరిచే ముందు డేటాబేస్‌కీ, సైటు మూల ఫోల్డర్‌లో సర్వర్‌కి సూచనలుండే హెచ్‌టీయాక్సెస్ (.htaccess) ఫైలుకీ బ్యాకప్ తీసి మీ కంప్యూటర్‌లో పెట్టుకోండి. హోస్టింగ్ వాళ్ళు రోజూ బ్యాకప్ తీస్తారులే అని ఊరుకోవద్దు.

పాత లింకు ఎవరైనా నొక్కితే ఏమవుతుందనేది అసలు విషయం. మార్చాక పాత లింకు ఒకటి నొక్కి చూసి, పోస్టు తెరుచుకోగానే "వర్డ్‌ప్రెస్సే చూసుకుంటోంది" అని వదిలేసినవాళ్ళని చాలామందిని చూశాను. అక్కడ జరుగుతున్నది ఊహ. చిరునామా దొరకనప్పుడు వర్డ్‌ప్రెస్ అందులోని చివరి ముక్కని తీసుకుని, ఆ అక్షరాలతో మొదలయ్యే స్లగ్ ఏ పోస్టుకి ఉందా అని వెతుకుతుంది, దొరికినదానికి పంపిస్తుంది. చాలాసార్లు సరిగ్గానే పంపిస్తుంది. కానీ అది వెతికేది "ఈ అక్షరాలతో మొదలయ్యేది", "సరిగ్గా ఇదే" కాదు. ఇంగ్లీషు బ్లాగులకి ఈ తేడా పెద్దగా తగలదు. మనకి తగులుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. "మా అమ్మమ్మ చేసిన గోంగూర పచ్చడి" అని శీర్షిక పెట్టి పోస్టు రాశారు, స్లగ్ మీరు ముట్టుకోలేదు. వర్డ్‌ప్రెస్ స్లగ్‌ని తెలుగు అక్షరాలుగా దాచదు. ఒక్కో తెలుగు గుర్తుకీ యూనికోడ్‌లో మూడు బైట్లు, ఒక్కో బైటూ ఒక శాతం గుర్తు, రెండు అంకెలో అక్షరాలో కలిపి మూడు క్యారెక్టర్లుగా మారుతుంది. అంటే ఒక్క గుర్తుకి తొమ్మిది క్యారెక్టర్లు. పొల్లు, గుడి, సున్నా ఏదైనా సరే, ఒక్కోటీ విడిగా తొమ్మిది. స్లగ్‌కి డేటాబేస్‌లో ఉన్న చోటు మొత్తం 200. ఇక లెక్క వేయండి. "మా" రెండు గుర్తులు, 18. "అమ్మమ్మ" ఏడు, 63. "చేసిన" ఐదు, 45. "గోంగూర" ఆరు, 54. మధ్యలో ఖాళీలు కూడా కలిపితే 184 దాటేసరికి పచ్చడిలో "ప" ఒక్కటే పడుతుంది, మొత్తం 193. తర్వాతి గుర్తుకి చోటు లేదు. స్లగ్ "మా-అమ్మమ్మ-చేసిన-గోంగూర-ప" దగ్గర తెగిపోతుంది.

ఇంకో ఏడాదికి "మా అమ్మమ్మ చేసిన గోంగూర పులుసు" రాశారు. అదీ సరిగ్గా అక్కడే తెగుతుంది. ఒకే స్లగ్ రెండు పోస్టులకి ఉండకూడదు కాబట్టి రెండోదాని చివర 2 చేరుతుంది. ఇప్పుడు ఎవరో పచ్చడి పోస్టు పాత లింకు నొక్కారు. వర్డ్‌ప్రెస్ "ప" వరకూ చూసి వెతికితే పచ్చడీ సరిపోతుంది, పులుసూ సరిపోతుంది. పచ్చడి కోసం వచ్చిన మనిషి పులుసు దగ్గర తేలే ప్రమాదం ఉంది. ఎర్రర్ రాదు కాబట్టి మీకూ తెలియదు. 404 (పేజీ దొరకలేదు) అని వస్తే కనీసం ఎక్కడో రికార్డవుతుంది. ఇది అదీ కాదు. అందుకే ఊహకి వదలకుండా రీడైరెక్ట్ నియమం, అంటే పాత చిరునామాకి వచ్చినవాళ్ళని కొత్తదానికి పంపే నియమం, మనమే పెట్టుకోవాలి.

(పాత లింకులు ఐడీ నంబరుతో ఉన్నవాళ్ళకి, అంటే ఆర్కైవ్స్ అనే మాట, పక్కన అంకె ఉన్నవాళ్ళకి ఆ ఊహ కూడా పనిచేయదు. అక్కడ పోల్చడానికి పేరే ఉండదు. వాళ్ళకి నియమం తప్పనిసరి. ప్రశ్న గుర్తు, పీ, ఐడీ నంబరుతో ఉండే సాదా లింకులు మాత్రం ఏ పద్ధతికి మారినా ఎప్పటికీ పనిచేస్తాయి.)

కాబట్టి ముందు చేయాల్సింది జాబితా. పర్మాలింక్ మార్చడానికి ముందే, ఇవాళే. మార్చాక సైట్‌మ్యాప్‌లో (సైటు లింకులన్నిటి జాబితాలో) కొత్త చిరునామాలే కనిపిస్తాయి, పాతవాటి జాబితా అక్కడ దొరకదు. వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి సైట్‌మ్యాప్ దానంతట అదే ఉంటుంది, అందులోంచి 640 లింకులూ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి తీసుకోండి. తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో లింక్స్ రిపోర్టు తెరిచి, బయటి సైట్లు ఎక్కువగా ఏ పేజీలకి లింకు ఇచ్చాయో ఆ పట్టిక దించుకోండి. మీరు చెప్పిన వికీపీడియా వ్యాసాల్లాంటివి అందులో కనిపించే అవకాశం ఉంది. మీ పోస్టులు ఎక్కడ మూలాలుగా ఉన్నాయో మీకే గుర్తుంటే వాటినీ చేర్చండి. నా దృష్టిలో ఆ లింకులు మిగతా అన్నిటికన్నా ముఖ్యం. ఒక ఊరి చరిత్ర గురించో, ఒక పాత పత్రిక గురించో మీరు రాసిన నాలుగు పేరాలే అక్కడ ఏకైక ఆధారం అయ్యుండొచ్చు.

ఇక నియమం. మీది షేర్డ్ హోస్టింగ్ అన్నారు కాబట్టి రీడైరెక్షన్ అనే ప్లగిన్‌తో మొదలుపెట్టమంటాను. ఉచితం. అందులో సైట్ అనే ట్యాబ్‌లో పర్మాలింక్ మైగ్రేషన్ అని ఉంటుంది. మీ పాత పద్ధతి ఏదో అక్కడ ఇస్తే చాలు, ఆ పద్ధతిలో వచ్చే చిరునామాల్ని కొత్తవాటికి పంపుతుంది. పాత పద్ధతిని పర్మాలింక్స్ పేజీలో కస్టమ్ గడిలో ఉన్నది ఉన్నట్టు కాపీ చేసుకోండి, గుర్తుపెట్టుకుని టైప్ చేయొద్దు. చివరి స్లాష్ ఒక్కటి తేడా వచ్చినా అనవసరంగా మధ్యలో ఇంకో మజిలీ, అంటే ఇంకో రీడైరెక్ట్, చేరుతుంది.

సర్వర్ స్థాయిలో, హెచ్‌టీయాక్సెస్‌లోనే నియమం రాసుకుంటే ఇంకా వేగం, ప్లగిన్ మీద ఆధారపడక్కర్లేదు. కానీ ఇక్కడ ఒక దెబ్బ తిన్నాను, అది పూర్తిగా చెప్తాను. 2016లో మా పిన్ని వంటల బ్లాగుకి ఇదే పని చేశాను. ఆవిడ లింకుల్లో సంవత్సరం, నెల, పోస్టు పేరు ఉండేవి. "నాలుగు అంకెలు, స్లాష్, రెండు అంకెలు, స్లాష్, మిగిలినదంతా" అని ప్యాటర్న్ రాసి, మిగిలినదాన్ని నేరుగా డొమైన్ పక్కన పెట్టమన్నాను. పదిహేను పోస్టులు నొక్కి చూశాను, అన్నీ బాగానే తెరుచుకున్నాయి. సాయంత్రం పిన్ని ఫోన్ చేసి "ఒరే, ఫొటోలన్నీ పోయాయిరా" అంది.

వర్డ్‌ప్రెస్ ఫొటోల్ని అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో సంవత్సరం, నెల పేరిటే దాస్తుంది. నా ప్యాటర్న్ చిరునామా మొదట్లోనే సరిపోవాలని చెప్పలేదు. దాంతో అప్‌లోడ్స్ తర్వాత వచ్చే 2014, 06ని కూడా పట్టుకుని ప్రతి ఫొటోనీ లేని చోటికి పంపేసింది. నేను చూస్తున్నప్పుడు కనిపించిన ఫొటోలు అంతకుముందే నా బ్రౌజర్‌లో దాచుకున్నవి. ప్యాటర్న్ మొదట్లో ప్రారంభం గుర్తు (^, చిరునామా ఇక్కడే మొదలవ్వాలని చెప్పేది) పెట్టాను, సమస్య తీరింది. కానీ పిన్ని ఫోన్‌లో తీరలేదు. నేను వాడింది 301, అంటే శాశ్వత రీడైరెక్ట్. ఒకసారి చూసిన 301ని బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, సర్వర్‌ని మళ్ళీ అడగదు. ఆ సాయంత్రం బ్లాగు చూసినవాళ్ళందరి బ్రౌజర్లలోనూ నా తప్పు అలాగే ఉండిపోయింది. పిన్నికి ఫోన్‌లోనే చెప్పి క్యాషె (బ్రౌజర్ దాచుకున్నదంతా) తీయించాను. పాఠకులకి ఎవరు చెప్తారు?

అప్పటినుంచి నా పద్ధతి ఇదే: మొదట 302, అంటే తాత్కాలిక రీడైరెక్ట్. రెండు మూడు రోజులు అన్నీ చూసుకున్నాక 301. రీడైరెక్ట్‌ల పరీక్ష ఎప్పుడూ కొత్త ప్రైవేట్ విండోలో.

మీ లింకుల్లో తేదీ కూడా ఉంది కాబట్టి ప్యాటర్న్‌కి మూడు భాగాలు: నాలుగు అంకెలు, రెండు, మళ్ళీ రెండు. అప్‌లోడ్స్ ఫోల్డర్‌కి తేదీ భాగం ఉండదు, అయినా ప్రారంభం గుర్తు పెట్టండి. ఆ తర్వాత వచ్చే మాట ఖాళీగా ఉండకూడదు, పేజ్ అనో ఫీడ్ అనో మొదలవకూడదు. లేకపోతే ఒక్క రోజు పోస్టుల్ని చూపించే ఆర్కైవ్ పేజీలు, వాటి రెండో పేజీ, మూడో పేజీ దెబ్బతింటాయి. పోస్టు పేరు తర్వాత తోకలుంటాయి: కామెంట్ల పేజీ నంబరు, కామెంట్ల ఫీడ్, ఒకప్పుడు ఏఎంపీ (మొబైల్‌లో పేజీలు వేగంగా తెరుచుకోవడానికి వాడేది) ప్లగిన్ వాడుంటే ఆ తోక. వాటిని కోసేయకుండా కొత్త చిరునామాకి తగిలించి పంపాలి. ఈ నియమాన్ని ఫైల్లో వర్డ్‌ప్రెస్ అని మొదలయ్యే గీతకి పైన రాయండి. ఆ గీతల మధ్య ఉన్నదాన్ని వర్డ్‌ప్రెస్ తనకిష్టం వచ్చినప్పుడు తిరగరాస్తుంది, మీ నియమం మాయమవుతుంది. మీ హోస్టింగ్‌లో నడిచే సర్వర్ ప్రోగ్రామ్ అపాచీ కాకుండా ఎన్‌జిన్‌ఎక్స్ అయితే ఈ ఫైల్ని అసలు చదవదు, హోస్టింగ్ వాళ్ళనే అడగాలి, లేదా ప్లగిన్ వాడుకోవాలి.

తెలుగు స్లగ్ ఉన్న పోస్టు ఒక్కదానికి విడిగా నియమం రాయాల్సి వస్తే, గమ్యం చోట ఆ పొడుగాటి శాతం గుర్తుల వరసని పేస్ట్ చేయకండి. అపాచీ రీరైట్ నియమంలో ఆ శాతం గుర్తునే మళ్ళీ ఎన్‌కోడ్ చేస్తుంది, ప్రతి శాతం గుర్తు వెనకా 25 చేరుతుంది. చిరునామాలో ఆ 25లు వరసగా కనిపిస్తే జరిగింది ఇదేనని గుర్తుపట్టండి. మళ్ళీ ఎన్‌కోడ్ చేయొద్దని చెప్పే ఫ్లాగ్ ఉంది, అదైనా పెట్టాలి, లేదా ఆ ఒక్కటి ప్లగిన్‌లోనైనా రాయాలి.

ఇంకో చిన్న చిక్కు. పోస్టుల్లో పోస్టులకి స్లగ్ ఢీకొనదు, అది వర్డ్‌ప్రెస్ ముందే చూసుకుంది. పేజీకీ పోస్టుకీ ఒకే స్లగ్ ఉండొచ్చు, ఇన్నాళ్ళూ తేదీ అడ్డంగా ఉంది కాబట్టి గొడవ రాలేదు. "పరిచయం" అని ఒక పేజీ ఉండి, 2013లో మొదటి పోస్టు పేరు కూడా "పరిచయం" అయితే, తేదీ తీసేయగానే రెండూ ఒకే చిరునామాకి పోటీ పడతాయి, పేజీయే తెరుచుకుంటుంది, పోస్టు కనబడకుండా పోతుంది. మీకున్న పేజీలు ఏ పదో ఉంటాయి కదా, ముందే ఒకసారి సరిచూసుకోండి.

మార్చాక బ్లాగు లోపల మీరే మీ పాత పోస్టులకి ఇచ్చుకున్న లింకుల సంగతి. రీడైరెక్ట్ ఉంది కాబట్టి అవి పనిచేస్తూనే ఉంటాయి, తొందరేమీ లేదు. తీరిగ్గా సెర్చ్ రెజెక్స్ లాంటి ప్లగిన్‌తో మార్చుకోవచ్చు. ఇక్కడా ఫొటోల ప్రమాదమే. డొమైన్ పేరు పక్కనే వెంటనే సంవత్సరం వచ్చిన చోట మాత్రమే మార్చమనాలి. పైగా తెలుగు లింకు పోస్టు లోపల మూడు రూపాల్లో ఉండొచ్చు: నేరుగా తెలుగు అక్షరాలతో, చిన్న బడి అక్షరాల ఎన్‌కోడింగ్‌తో, పెద్ద బడి అక్షరాల ఎన్‌కోడింగ్‌తో. వర్డ్‌ప్రెస్ దాచేది చిన్నబడి. బయట నుంచి కాపీ చేసింది పెద్దబడి కావచ్చు. స్లగ్ ముట్టుకోకుండా తేదీ భాగాన్ని మాత్రమే తీసేస్తే ఈ గొడవ మీకు ఉండదు. రెండు పనులూ ఒకేసారి వద్దనడానికి ఇదొక పెద్ద కారణం.

డేటాబేస్‌లో పోస్టుల పట్టికలో జీయూఐడీ అనే కాలమ్ ఉంటుంది, అందులోనూ చిరునామాలే కనిపిస్తాయి. దాన్ని మార్చొద్దు. ఫీడ్ రీడర్లు పోస్టుని గుర్తుపట్టేది దానితోనే. మారిస్తే మీ ఫీడ్‌లో ఉన్న పోస్టులన్నీ చందాదారులకి కొత్త పోస్టుల్లా మళ్ళీ వెళ్తాయి.

ఇక స్లగ్గుల్ని ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చే ఆలోచన. నన్నడిగితే తెలుగు స్లగ్గే ఉంచుకోండి, కాకపోతే పొట్టిది. "గోంగూర-పచ్చడి" చాలు. బ్రౌజర్‌లో తెలుగులోనే చక్కగా కనిపిస్తుంది, తెగిపోదు, వాట్సాప్‌లో పంపినప్పుడు ఆ శాతం గుర్తుల వరస కూడా దాదాపు సగానికి తగ్గుతుంది. కొత్త పోస్టులకి పబ్లిష్ నొక్కే ముందు రెండు మూడు మాటల స్లగ్ మీరే రాసే అలవాటు చేసుకోండి. పాతవాటిలో మధ్యలో తెగి అర్థం మారిపోయినవి ఓ ఇరవై ఉంటే, పర్మాలింక్ మార్పు జరిగి రెండు మూడు నెలలు గడిచాక, ఒక్కో పోస్టూ ఎడిటర్‌లో తెరిచి మార్చండి. అలా మార్చినప్పుడు పాత స్లగ్‌ని వర్డ్‌ప్రెస్ ఆ పోస్టు వివరాల్లోనే దాచుకుని, పాత చిరునామాకి వచ్చినవాళ్ళని కొత్తదానికి తనే పంపుతుంది. ఇది ఊహ కాదు, రాసిపెట్టుకున్న లెక్క. కానీ పోస్టులకే ఈ సౌకర్యం, పేజీలకి లేదు. నేరుగా డేటాబేస్‌లో మార్చినా ఇది జరగదు. మొత్తం 640 స్లగ్గుల్ని ఒక స్క్రిప్టుతో మార్చిపెడతామని ఎవరైనా అంటే వద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

మార్చే రోజు జనం తక్కువ వచ్చే వేళ చూసుకోండి. పర్మాలింక్ సేవ్ చేసి, నియమం పెట్టి, క్యాషె ప్లగిన్‌నీ, క్లౌడ్‌ఫ్లేర్ ఉంటే దాన్నీ ఖాళీ చేయండి. తర్వాత ముందు తీసిపెట్టుకున్న జాబితా తీసి పరీక్షించండి. లింకులు పరీక్షించే స్క్రీమింగ్ ఫ్రాగ్ అనే ప్రోగ్రామ్ ఉచిత వెర్షన్ ఒకసారికి 500 లింకులే చూస్తుంది, మీ జాబితాని చిన్న చిన్న భాగాలు చేసుకుంటే సరిపోతుంది. మూడు చూడాలి: ప్రతి పాత లింకూ ఒకే ఒక్క మజిలీతో కొత్తదానికి చేరుతోందా, చివరికి 200 (పేజీ సరిగ్గా తెరుచుకుంది) వస్తోందా, చేరింది సరైన పోస్టుకేనా. మూడోది యంత్రం చెప్పదు. ఒకే మాటలతో మొదలయ్యే శీర్షికలు మీ జాబితాలో వెతికి, ఆ పోస్టుల్ని మాత్రం చేత్తో నొక్కి చూడండి.

సెర్చ్ కన్సోల్‌లో సైట్‌మ్యాప్ మళ్ళీ ఇవ్వండి. చేంజ్ ఆఫ్ అడ్రస్ అనే పనిముట్టు అక్కడ కనిపిస్తుంది, అది డొమైన్ మారినప్పటిది, మీకు సంబంధం లేదు. పాత లింకుల్ని రోబోట్స్ ఫైల్‌లో (సెర్చ్ ఇంజన్లు ఎక్కడికి రావొద్దో చెప్పే ఫైల్‌లో) అడ్డుకోవద్దు, రిమూవల్స్‌లో తీసేయమనీ అడగొద్దు. గూగుల్ పాత లింకు దగ్గరికి రాగలిగితేనే రీడైరెక్ట్ చూస్తుంది. కొన్ని వారాలు ట్రాఫిక్ కాస్త అటూ ఇటూ అవుతుంది, దానికి కంగారు పడి మళ్ళీ వెనక్కి మార్చేయకండి. రోజూ ఉదయం రీడైరెక్షన్ ప్లగిన్‌లో 404 పట్టిక ఒక్కటి చూస్తూ ఉండండి, రెండు వారాల్లో దాదాపు అన్నీ బయటపడతాయి.

బ్లాగర్ వాడేవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి క్లుప్తంగా: అక్కడ చిరునామా పద్ధతి మార్చే వీలు లేదు. తెలుగు శీర్షిక పెడితే "బ్లాగ్ పోస్ట్", దాని పక్కన ఏదో అంకె వచ్చే చిరునామాలు మీకందరికీ తెలిసినవే. పబ్లిష్ చేయకముందే కస్టమ్ పర్మాలింక్ పెట్టుకోవాలి. ఇప్పటికే వచ్చేసినదాన్ని మారిస్తే సెట్టింగ్స్‌లో కస్టమ్ రీడైరెక్ట్స్‌లో పాతదీ కొత్తదీ రాసి, శాశ్వతం అన్నది ఎంచుకోవాలి. 2020లో బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్ అనే డొమైన్ గూగుల్ చేతిలోంచి వేరేవాళ్ళకి వెళ్ళినప్పుడు, డాట్ ఇన్‌తో ఎక్కడెక్కడో పంచుకున్న తెలుగు బ్లాగుల లింకులు పనిచేయకుండా పోయాయి. పోస్టులు డాట్ కామ్ మీద భద్రంగానే ఉన్నాయి. అయినా పాత లింకు పట్టుకుని వచ్చిన పాఠకుడికి ఆ సంగతి చెప్పే దారి రచయితకి లేకపోయింది. మీ చేతిలో ఆ దారి ఉంది.

రీడైరెక్ట్‌లు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ అంటుంది. అది సెర్చ్ ఇంజన్ లెక్క. మీ వికీపీడియా మూలాలకి, వాట్సాప్‌లో తిరిగే లింకులకి గడువు ఉండదు, బ్లాగు ఉన్నంతకాలం ఉంచండి. రేపు హోస్టింగ్ మారితే హెచ్‌టీయాక్సెస్ ఫైలూ, రీడైరెక్షన్ ప్లగిన్‌లోంచి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలూ కొత్త చోటికి తీసుకెళ్ళడం మర్చిపోకండి. ఇంత చక్కగా చేసినవాళ్ళు కూడా అక్కడే పోగొట్టుకుంటారు.

మీ సర్వర్ అపాచీయా, ఎన్‌జిన్‌ఎక్స్‌ ఏదో కనుక్కుని ఇక్కడే రాయండి. రాసుకున్న నియమం కూడా పెడితే, మీరు 301 చేయకముందే ఒకసారి చూసి చెప్తాను.